ఆధార్‌శిలలో శనివారం: ఏడాది ఆచరణ తర్వాత ఒక అంగన్‌వాడీ కార్యకర్త సమీక్ష

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2024లో తెచ్చిన ఆధార్‌శిల పాఠ్యప్రణాళికలో ఏముందో అంగన్‌వాడీల్లో పనిచేసేవారందరికీ శిక్షణలోనే తెలిసింది కనుక ఆ వివరాల జోలికి పోను. నేను రాయదలచుకున్నది అందులోని ఒక్క ఏర్పాటు గురించే. వారంలో ఐదు రోజులు కొత్త కృత్యాలు, ఆరో రోజు వాటి పునశ్చరణ అన్న పద్ధతిలో ఆ ఆరో రోజైన శనివారం, ఆయమ్మా నేనూ పని పంచుకునే తీరునే మార్చివేసింది. ఈ ఏడాదిలో నాకు అన్నిటికంటే ఎక్కువ సంతోషాన్నిచ్చింది అదే.

ఉలవపాడు వైపు మామిడి తోటల మధ్య ఉన్న చిన్న పల్లెలో, ప్రాథమిక పాఠశాల ఆవరణలోనే మా కేంద్రం ఉంది. మూడేళ్ల బిడ్డా ఐదేళ్ల బిడ్డా ఒకే గదిలో కూర్చుంటారు. మామూలు రోజుల్లో కృత్యాలు నేను చేయిస్తాను. వంట, పిల్లల శుభ్రత, రాని పిల్లలను ఇళ్ల నుంచి తీసుకురావడం ఆయమ్మ చూసుకుంటుంది. శనివారం కొత్త పాఠం ఉండదు కనుక, పిల్లలను రెండు గుంపులు చేసి చిన్నవాళ్లను ఆమెకు అప్పగించడం మొదలుపెట్టాము. ఆమె చార్టు పట్టుకోలేదు. చింతగింజలు, శనగలు, ఉదయగిరి కొయ్య గరిటెలు, గాలికి రాలిన మామిడి పిందెలు పెట్టుకుని పెద్దవీ చిన్నవీ వేరు చేయించేది, నున్ననివీ గరుకువీ తాకి చెప్పమనేది.

నాలుగేళ్ల పాప ఒకతె వారమంతా బొమ్మల కార్డుల ముందు నోరు మెదపలేదు. ఎన్ని పిట్టలున్నాయో చెప్పమంటే తల దించుకునేది. నా పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా సంఖ్యా భావన ఇంకా రాలేదని రాసి ఉంది. శనివారం భోజనం వేళకు ఆయమ్మ పళ్లేలు ఆ పాప చేతికిచ్చి, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్కటి పెట్టమంది. పాప వరుసగా పెట్టుకుంటూ పోయి, చేతిలోవి అయిపోయాక మిగిలిన పిల్లల వైపు ఒకసారి చూసి, “ఆయమ్మా, ఇంకో రెండు కావాల” అంది. లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ మాట విని నేను పెద్దపిల్లల గుంపును వదిలి అక్కడికి వచ్చి నిలబడ్డాను. ఒక వస్తువుకు ఒక వస్తువును జతపరచడం, ఎన్ని తక్కువో చూపుతోనే పసిగట్టడం ఆ బిడ్డకు అంతకుముందే వచ్చు. రానిది అంకెల పేర్లు అప్పజెప్పడం మాత్రమే. పిల్లలు పడుకున్నాక ఆ సంగతి ఎత్తితే ఆయమ్మ, “వాళ్లింట్లో చెల్లెళ్లకు గిన్నెలు పెట్టేది ఆ బిడ్డే కదా టీచరమ్మా, మీరు చూళ్లేదా” అంది. ఆమె రోజూ ఆ ఇళ్లకు పోయివచ్చే మనిషి. నా పుస్తకంలో లేనిది ఆమెకు తెలుసు.

అప్పటి నుంచి శనివారం మధ్యాహ్నం మేమిద్దరం కూర్చుని, ఎవరు ఏం చూశామో ఒకే పుస్తకంలో రాసుకుంటున్నాము. ఆమె చెబుతుంది, నేను రాస్తాను. వీలైనప్పుడు పక్క గది నుంచి ఒకటో తరగతి ఉపాధ్యాయురాలు కూడా వస్తారు. ఐదేళ్లు నిండి తన దగ్గరకు వచ్చే పిల్లల్లో కొందరు యాభై వరకు గడగడా చెబుతారనీ, మూడు పెన్సిళ్లు తెమ్మంటే గుప్పెడు తెస్తారనీ ఆమె చెప్పినప్పుడు, పళ్లేలు పెట్టే పనిని రోజువారీ కృత్యాల్లోనే చేర్చాము. కాన్వెంటులో అంకెలు రాయిస్తున్నారు, మీరెందుకు రాయించరు అని అడిగే తల్లులకు కూడా ఇప్పుడు భోజనం వేళకు వచ్చి చూడమనే చెబుతున్నాము.

మొదటి నెలల్లో, చుట్టుపక్కల కేంద్రాల అంగన్‌వాడీ కార్యకర్తలం కలిసే సెక్టార్ మీటింగులో ఈ ప్రణాళిక ఏ కేంద్రానికైనా సరిపోతుందని నేను గట్టిగానే చెప్పాను. ఇప్పుడు ఆ మాటకు కొన్ని చేర్చవలసి ఉంది. శనివారం ఫలించాలంటే కేంద్రంలో ఇద్దరు మనుషులుండాలి, వంట త్వరగా తెమలాలి. మీటింగో, కేంద్రం వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో మిగిలిపోయిన నమోదు పనో ఆ రోజే వచ్చిపడితే పునశ్చరణ పేరుకే మిగులుతుంది. పైగా మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాను సెలవులు ఉంటాయి. ఆ నెలల్లో రెండు వారాల కృత్యాలు ఒకే శనివారం మీద పడ్డాయి; మూడేళ్ల పిల్లలు విసిగిపోయి ఏడ్చారు. తప్పిపోయిన వారాన్ని అలాగే వదిలేసి ముందుకు సాగడమే మేలని ఇప్పుడు మా అభిప్రాయం. వారాల లెక్కను మన వానలకు తగినట్టు సర్దుకునే వీలు స్పష్టంగా ఉంటే బాగుండేది.

మరో విషయం బాధతోనే రాస్తున్నాను. 2019లో పెంచిన తర్వాత కూడా ఆయాల గౌరవ వేతనం నెలకు 7,000 రూపాయలే. వంటకూ శుభ్రతకూ ఇచ్చే ఆ మొత్తం మీద బోధనను కూడా మోపుతున్నామన్న సంగతి నా సంతోషాన్ని కొంత తగ్గిస్తుంది. మా ఆయమ్మ ఇష్టంతో చేస్తోంది. అందరూ అలా చేయాలని అడిగే హక్కు ఎవరికీ లేదని నా నమ్మకం.

పిల్లలు పదిహేను మందికి మించని పల్లె కేంద్రం, అదే ఊరి ఆయమ్మ, పక్కనే బడి ఉన్న నా పరిస్థితిలో శనివారాన్ని నేను వదులుకోను. ఆయా పోస్టు ఖాళీగా ఉన్న చోట, లేదా నెల్లూరు, ఒంగోలు వంటి పట్టణాల్లో ఇరుకు అద్దె గదిలో ఎక్కువమంది పిల్లలతో నెట్టుకొస్తున్న చోట ఇదే ఫలితం వస్తుందని మాత్రం చెప్పలేను. అటువంటి కేంద్రాల్లో గుంపులు విడదీయకుండా, భోజనం వేళ పళ్లేల పని ఒక్కటి పిల్లలకు అప్పగించి చూడమని సూచిస్తాను. దానికి అదనపు మనిషి అక్కరలేదు.