‘లైవ్ శాటిలైట్’ యాప్‌కు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఫోన్లో వీడియోలు చూస్తుంటే మధ్యలో "మీ పొలం, మీ ప్లాట్ ఈ క్షణంలో ఎలా ఉందో ఉపగ్రహం నుంచి లైవ్‌లో చూడండి" అని ఒక ప్రకటన వస్తోంది. చక్కటి తెలుగులోనే వస్తోంది. దయచేసి దానికి రూపాయి కూడా కట్టకండి. మా నాన్న ఖాతాలోంచి నాలుగు వారాల్లో 2,396 రూపాయలు పోయాయి. ఇది ఒక్క యాప్ సంగతి కాదు, ఇదే బాపతువి రకరకాల పేర్లతో చాలా ఉన్నాయి.

మాకు షాద్‌నగర్ దగ్గర 200 గజాల ప్లాట్ ఉంది. నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నది. పక్క ప్లాటాయన ఇల్లు కట్టబోతున్నాడని విన్నప్పటి నుంచి ఆయనకు ఒకటే టెన్షన్, హద్దు రాళ్లు ఎక్కడ జరిపేస్తారోనని. మేముండేది హైదరాబాద్‌లోని బాలానగర్‌లో. అస్తమానం బస్సెక్కి వెళ్లి చూసి రావడానికి ఆయన మోకాళ్లు సహకరించవు. సరిగ్గా అప్పుడే ఆ ప్రకటన ఆయన కంటపడింది. మూడు రోజులు ఫ్రీ, వెరిఫికేషన్ కోసం 2 రూపాయలు కడితే చాలు అన్నారట. కట్టేశారు.

నాకు తెలిసేసరికి దాదాపు నెలైంది. ఒక రాత్రి భోజనాలయ్యాక నాన్న ఫోన్ నా చేతికిచ్చి, "చూడరా, పక్కాయన ఇంకా పనే మొదలుపెట్టలేదు" అన్నారు. యాప్ తెరిచాను. డిష్ యాంటెన్నా బొమ్మ గుండ్రంగా తిరిగింది. కింద "ఉపగ్రహానికి కనెక్ట్ అవుతోంది" అంటూ 34 శాతం, 71 శాతం అని అంకెలు పెరిగాయి. ఆ తర్వాత మా ప్లాట్ వచ్చింది. పైన మూలకు ఎర్ర చుక్క, దాని పక్కన ‘లైవ్’ అని. గోడ గడియారంలో ఎనిమిదిన్నర. ఫోన్లో మాత్రం మా ప్లాట్ మీద ఎండ కాస్తోంది. వేపచెట్టు నీడ పడమరకు వాలి ఉంది. ఆ వేపచెట్టును నిరుడు రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేశారు. ఆ రోజు నాన్నా నేనూ అక్కడే ఉన్నాం.

"నాన్నా, ఆ చెట్టు ఇప్పుడు ఉందా?" అని అడిగాను. కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూశారు. చాలాసేపటి దాకా ఏమీ మాట్లాడలేదు.

నా ఫోన్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, శాటిలైట్ వ్యూ పెట్టి రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టాను. చెట్టు నీడతో సహా అదే బొమ్మ. ఊరికే దొరికే పాత ఫొటోకు ఎర్ర చుక్క తగిలించి వారానికి 599 రూపాయలు గుంజుతున్నారు. ఆ ఆదివారం ఇద్దరం వెళ్లి చూస్తే పక్క ప్లాట్లో పిల్లర్లు లేచి ఉన్నాయి. మా హద్దు రాళ్లు కదల్లేదు కాబట్టి సరిపోయింది. పోయిన డబ్బు ఒక ఎత్తు. నాన్న నెల రోజులు ఆ బొమ్మను నమ్మి నిశ్చింతగా కూర్చోవడం ఇంకో ఎత్తు, నన్ను భయపెట్టింది అదే.

అసలు అలాంటి లైవ్ ఎందుకు కుదరదో చెబుతాను, ఎందుకంటే ఇది తెలిసినవాళ్లు మళ్లీ మోసపోరు. నేల మీది వస్తువులను దగ్గరగా చూడగల ఉపగ్రహాలు తక్కువ ఎత్తులో తిరుగుతాయి. 2019 నవంబర్‌లో ఇస్రో పంపిన కార్టోశాట్-3నే తీసుకోండి. సుమారు 509 కిలోమీటర్ల ఎత్తు నుంచి పాతిక సెంటీమీటర్ల వివరం దాకా పట్టుకుంటుంది. కానీ అది సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. షాద్‌నగర్ నుంచి బాలానగర్‌కు ఉన్నంత దూరం దాటడానికి దానికి పది సెకన్లు కూడా పట్టదు. ఇక మీ ప్లాట్ మీద నిలబడి కాపలా ఎక్కడ కాస్తుంది? కదలకుండా ఒకేచోట ఉన్నట్టు కనిపించేవి ఇన్శాట్-3డీఆర్ లాంటి వాతావరణ ఉపగ్రహాలు. అవి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మేఘాల బొమ్మలు అరగంటకొకటి పంపుతాయి, వాటిలో ఒక్కో చుక్కా కనీసం కిలోమీటరు నేల. మన ప్లాటే కాదు, చిన్న ఊరు మొత్తం ఆ ఒక్క చుక్కలో కలిసిపోతుంది.

మన దేశపు, నేలను ఫొటోలు తీసే (రిమోట్ సెన్సింగ్) ఉపగ్రహాల డేటా ప్రధానంగా దిగేది షాద్‌నగర్‌లోనే. ఆ కేంద్రాన్ని నడిపే ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఆఫీసు మా బాలానగర్‌లోనే ఉంది. నాన్న రోజూ వాకింగ్‌కు ఆ దారినే వెళతారు. ఇస్రో 2009లో తెచ్చిన భువన్ అనే మ్యాపుల వెబ్‌సైట్ అక్కడిదే. అందులో ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా చూడవచ్చు, ఎవరూ లైవ్ అని అబద్ధం చెప్పరు. స్థలం ఏళ్ల తరబడి ఎలా మారిందో కావాలంటే కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకోండి, పాత తేదీల చిత్రాలు చూపిస్తుంది. అదీ ఉచితమే.

ఇక డబ్బు సంగతి, ఇది జాగ్రత్తగా చదవండి. 2 రూపాయలకని పిన్ కొట్టినప్పుడు నాన్న నిజానికి ఒప్పుకున్నది యూపీఐ ఆటోపేకు. ఒక్కసారి పిన్ కొడితే ఆ తర్వాత 15,000 రూపాయల లోపు కోతలకు మళ్లీ పిన్ అడగదు. ఆ స్క్రీన్ మీదే ఎంత కోస్తారో, ఎన్ని రోజులకోసారి కోస్తారో రాసి ఉంటుంది, కాకపోతే చిన్న అక్షరాల్లో. కోతకు ముందు మెసేజ్ కూడా వచ్చింది. ఇంగ్లీషులో ఉండటంతో బ్యాంకు ప్రకటన అనుకుని నాన్న వదిలేశారు.

యాప్ తీసేస్తే కోత ఆగదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి వెళ్లి కోతలకు ఇచ్చిన అనుమతిని, అంటే మాండేట్‌ను రద్దు చేయాలి. ప్లే స్టోర్ ద్వారా కట్టి ఉంటే సబ్‌స్క్రిప్షన్ల పేజీలో రద్దు చేసి, కట్టిన 48 గంటల లోపే రీఫండ్ అడగండి. ఈ రోజే మీ అమ్మానాన్నల ఫోన్లు తీసుకుని ఆటోపే పేజీ ఒక్కసారి తెరిచి చూడండి.

ఆ కంపెనీకి మూడు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరు అనుమతి ఇవ్వకుండానే ఖాతాలోంచి డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. మాండేట్ రద్దయింది, డబ్బు ఇంకా తిరిగి రాలేదు. పక్క ప్లాటాయన నంబరు తీసుకున్నాం. ఇప్పుడు ఆయనే వారానికోసారి ఫొటో తీసి నాన్నకు పంపుతున్నారు.