స్టోక్‌లో జగ్గుల అడుగుభాగాలు చదివిన రెండు రోజులు

లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి, ఇంగ్లండ్‌లో పింగాణీకి పేరుపడ్డ స్టోక్ ఆన్ ట్రెంట్‌కి రైల్లో సుమారు గంటన్నర. పాత పింగాణీ జగ్గులంటే మా ఆవిడకి ప్రాణం. ఆ ఇష్టం నాకూ అంటుకుని, రెండు రోజులు అక్కడే ఉన్నాం.

స్టోక్ అంటే ఒక ఊరు కాదు, ఆరు ఊళ్లు కలిసినది. బస్సుల కోసం చూడటంతోనే మాకు ఒక పూట పోయింది. బస ఆ ఆరింట్లో ఒకటైన హాన్లీలో. గది శుభ్రంగానే ఉంది కానీ రాత్రి హీటర్ ఆగిపోతే పొద్దున దాకా ఎవరూ రాలేదు. అయినా మళ్లీ వెళ్తే హాన్లీలోనే ఉంటాం, కాకపోతే వేరే బసలో. పాటరీస్ మ్యూజియం నడిచి వెళ్లే దూరమే మరి.

ఆ మ్యూజియానికి 1962లో ఒకావిడ ఇచ్చిన 667 ఆవు బొమ్మల పాలజగ్గులు ఉన్నాయి. వీపు మీద మూత తీసి పాలు పోస్తే నోట్లోంచి వస్తాయి, తోకే పిడి. వాటి ముందు నుంచి మా ఆవిడ ఓ పట్టాన కదల్లేదు.

అసలు చూడాల్సింది మిడిల్‌పోర్ట్ పాటరీ. 1888లో కట్టిన కార్ఖానా, బర్లీ అనే పేరుతో అమ్మే పింగాణీ ఇప్పటికీ ఇక్కడే చేస్తారు. పనిరోజున వెళ్లండి, చేతులు కదలడం చూడాలి. చెక్కిన రాగి రోలరు మీంచి డిజైన్ పల్చటి టిష్యూ కాగితం మీదికి దిగుతుంది. ఆ కాగితాన్ని జగ్గుకి చుట్టి, గట్టి బ్రష్‌తో రుద్ది, తర్వాత నీళ్లతో కడిగేస్తారు. రంగు మట్టికి పట్టి ఉండిపోతుంది. పాత నమూనాని అదే పద్ధతిలో, తమ ముద్రతో ఈనాటికీ చేస్తున్నారు. దాన్ని నకిలీ అనడానికి నాకు నోరు రాదు.

నకిలీ ఎలా ఉంటుందో ఒక పాత సామాన్ల కొట్లో చూశాం. ఒక జగ్గు చూపించి విక్టోరియా కాలం నాటిదన్నారు. అడుగున వజ్రం ఆకారపు ముద్ర కూడా ఉంది. 1842 నుంచి 1883 దాకా డిజైన్ నమోదుకి వాడిన గుర్తు అది. ముద్ర సరైనదే అయినా, చెప్పేది డిజైన్ నమోదైన తేదీ, జగ్గు చేసిన తేదీ కాదు. దీని అడుగంతా ఒకే గోధుమరంగు, టీలో ముంచినట్టు. వందేళ్లు బల్ల మీద జరిగిన జగ్గుకి, ఆనే అంచు మాత్రమే అరుగుతుంది. దీనికి అంచు కొత్తగా, పదునుగా ఉంది. ఇంకో గుర్తు, ‘ఇంగ్లండ్’ అని రాసి ఉంటే సాధారణంగా అది 1891 తర్వాతిది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలన్న అమెరికా చట్టం అప్పుడు అమల్లోకి వచ్చింది.

అది కొనలేదు. మిడిల్‌పోర్ట్‌లో కొత్త నీలం జగ్గు ఒకటి తీసుకున్నాం. పిడి కింద, టిష్యూ అంచులు కలిసిన చోట ఒక పువ్వు సగానికి తెగి ఉంది. వరుసలో ఉన్నవాటిలోంచి మా ఆవిడ దాన్నే ఏరుకుంది.