అరుదైన యానిమే ఫిగర్ల కోసం టోక్యో: ఎక్కడ వెతకాలి, ఎక్కడ దిగాలి, ఎలా తెచ్చుకోవాలి

టోక్యోలో ఒక్క రోజే ఉంటే, యానిమే కొట్లకి పేరుపడ్డ అకిహబారా ప్రాంతం వదిలేసి నకానో వెళ్లండి. కొత్తగా విడుదలైనవాటికి అకిహబారాని మించింది లేదు. పదేళ్ల కిందటే తయారీ ఆగిపోయిన ఆల్టర్, మ్యాక్స్ ఫ్యాక్టరీ కంపెనీల స్కేల్ ఫిగర్లు (పాత్ర ఎత్తులో 1/4, 1/8 లాంటి నిర్ణీత వంతుకి చేసినవి) కావాలంటే మాత్రం నకానో బ్రాడ్‌వే అనే కొట్ల సముదాయమే నయం. 1966లో కట్టిన ఈ భవనంలోనే 1980లో మందరాకే చిన్న పాత మాంగా కొట్టుగా మొదలైంది. ఇప్పుడు ఒక్కో రకం వస్తువుకి ఒక్కో కొట్టు పెట్టి పై అంతస్తుల నిండా పరుచుకుంది. ఇక్కడి కొట్లు చాలావరకు మధ్యాహ్నం తెరిచి రాత్రి 8 కల్లా మూసేస్తారు. చిన్నవాటిలో కొన్నింటికి బుధవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

అకిహబారాలో స్టేషన్ పక్కనే ఉన్న రేడియో కైకాన్ అనే కొట్ల భవనాన్ని 2014లో కొత్తగా కట్టి తెరిచారు. ఇక్కడ ఎక్కువ సమయం ఇవ్వాల్సింది అద్దె అద్దాల పెట్టెలకి. ఒక్కో పెట్టెని ఒక్కో వ్యక్తి అద్దెకు తీసుకుని తన ధర తనే రాసుకుంటాడు. అందుకే ఒకే ఫిగర్ పక్కపక్క పెట్టెల్లో వేర్వేరు ధరలకు కనిపిస్తుంది. బయట మార్కెట్లో ధర పెరిగిన సంగతి పట్టించుకోని అమ్మకందారు దొరికాడా, మీ పంట పండినట్టే. కొట్టువాళ్ల దగ్గర ఉండేది తాళం చెవి మాత్రమే. వస్తువు గురించి అడిగితే చీటీ మీద రాసిందే చెబుతారు. బేరం ఉండదు, వాపసూ ఉండదు.

మందరాకే, అమీఅమీ లాంటి ఫిగర్ల కొట్లలో పరిస్థితి వేరు, అక్కడ వస్తువు స్థితిని కొట్టువాళ్లే చెబుతారు. అమీఅమీ పాత సరుకులో ఫిగర్‌కి ఒక గ్రేడు, బాక్స్‌కి ఒక గ్రేడు విడిగా ఇస్తారు. బాక్స్ బి అయినా ఫిగర్ ఏ ఉంటే, అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లకి అంతకన్నా మంచి బేరం లేదు.

పాత ఫిగర్లలో సీలు విప్పనిదే మేలని చాలామంది అదనంగా డబ్బు పోస్తారు. అది అన్నిసార్లూ సరికాదు. ఫిగర్లు చేసే పీవీసీ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి మెల్లగా బయటికొస్తుంది. మూసి ఉన్న బ్లిస్టర్‌లో (బాక్స్ లోపలి పారదర్శక ప్లాస్టిక్ తొడుగు) గాలి ఆడదు కాబట్టి అది పైపొర మీదే పేరుకుని జిడ్డు కడుతుంది. ఈ జిడ్డు గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా గిన్నెల సబ్బు వేసి కడిగితే పోతుంది, కొన్నాళ్లకి మళ్లీ రావచ్చు. ముదురు రంగు బట్ట తగిలి లేత చర్మానికి అంటిన మరక మాత్రం పోదు. సీలు విప్పితేగాని అది కనబడదు. అందుకే పదేళ్లు దాటినదైతే విప్పి పరీక్షించినదాన్నే ఎంచుకోవాలి.

కౌంటర్ దగ్గర బయటికి తీసి చూపించమని అడగండి, చాలాచోట్ల కాదనరు. ముందు చీలమండలు చూడాలి. ఒంటికాలి మీద నిలబడే ఫిగర్లు వేడికి మెత్తబడి ముందుకు వాలతాయి. కళ్ల ఎత్తుకి దించి పక్క నుంచి చూస్తే ఆ వాలు పట్టుబడుతుంది. తర్వాత జుట్టు కొసలు, వేళ్లు, బేస్‌లో దిగే పిన్నులు. తెల్లటి భాగాలు వెనకా ముందూ ఒకే తెలుపులో లేవంటే ఎండ తగిలినట్టు. మార్చి పెట్టుకునే ముఖాలు, చేతులు బాక్స్ వెనక ఫొటోతో సరిచూసుకోవాలి. చర్మం మరీ నిగనిగలాడుతూ, అతుకు గీతలు తేలి, ఘాటు వాసన వస్తుంటే నకిలీ అని అనుమానించాలి.

వండర్ ఫెస్టివల్ అనే ఫిగర్ల ప్రదర్శన ఏడాదికి రెండుసార్లు, చలికాలంలోనూ వేసవిలోనూ, చిబాలోని మకుహారి మెస్సెలో జరుగుతుంది. గ్యారేజ్ కిట్లకి (చిన్నస్థాయిలో చేసి అమ్మే, కొన్నవాళ్లే అతికించి రంగు వేసుకునే ఫిగర్లు) ఆ ఒక్కరోజుకే లైసెన్సు ఇస్తారు, అక్కడ తప్పితే మళ్లీ సెకండ్‌హ్యాండ్‌లోనే. అక్కడికి వెళ్లే కెయ్యో లైన్ ప్లాట్‌ఫారం టోక్యో స్టేషన్‌లో మిగతావాటికి బాగా దూరం, నడకకే పావుగంట పెట్టుకోండి. టోక్యోలోనే ఇకెబుకురో ప్రాంతం మగపాత్రల సరుకుకి బాగుంటుంది, స్కేల్ ఫిగర్ల కోసమైతే అక్కర్లేదు.

బస ఉఎనో–ఒకచిమచి మధ్య చూసుకోవాలి. అకిహబారా ఒకటి రెండు స్టేషన్లే, నరితా విమానాశ్రయం నుంచి స్కైలైనర్ రైలు నేరుగా ఉఎనో చేరుస్తుంది. అకిహబారా నుంచి నకానోకి పసుపు గీత సోబు లైన్ లోకల్‌లో రైలు మారకుండా వెళ్లొచ్చు. బిజినెస్ హోటల్ గదులు చాలా ఇరుకు. 1/4 స్కేల్ బాక్సులు రెండు పెడితే సూట్‌కేస్ తెరవడానికి చోటుండదు. రిసెప్షన్‌లో పార్సిళ్లు తీసుకుంటారో లేదో బుక్ చేసేముందే అడగండి.

పన్ను మినహాయింపుకి పాస్‌పోర్ట్ చూపించి, ఒకే కొట్టులో ఒకే రోజు పన్ను కాకుండా కనీసం 5,000 యెన్‌లు కొనాలి. అద్దె పెట్టెల కొట్లలో ఇది సాధారణంగా ఉండదు. 2026 నవంబర్ 1 నుంచి ముందు పన్నుతో సహా కట్టి, దేశం దాటేటప్పుడు కస్టమ్స్ తనిఖీ అయ్యాక వాపసు పొందాలి. పన్ను లేకుండా కొన్నదాన్ని విడిగా పోస్టులో పంపే వెసులుబాటు 2025 ఏప్రిల్‌ నుంచే లేదు. కాబట్టి పోస్టులో పంపదలచినవి పన్ను కట్టే కొనండి, మినహాయింపు పొందినవి వెంట తీసుకెళ్లండి.

విమానంలో చెక్-ఇన్‌కి చాలా సంస్థల పరిమితి మూడు కొలతలు కలిపి 158 సెం.మీ., 23 కిలోలు. యమాతో కొరియర్ సంస్థ 160 సైజు పెట్టె (మూడు కొలతలు కలిపి 160 సెం.మీ.) ఆ కొలతని రెండు సెంటీమీటర్లు దాటిపోతుంది, 140దే తీసుకోండి. జపాన్ పోస్టు వేగవంతమైన విదేశీ సేవ ఈఎంఎస్‌లో 30 కిలోల దాకా, 20 లక్షల యెన్‌ల బీమాతో పంపొచ్చు, దేశాన్ని బట్టి ఈ పరిమితులు తగ్గుతాయి. చేత్తో రాసిన చిరునామా చీటీ తీసుకోరు, వివరాలు ముందే ఆన్‌లైన్‌లో నింపుకోవాలి. బాక్స్‌ని మరో పెట్టెలో పెట్టి చుట్టూ కనీసం 5 సెం.మీ. మెత్త నింపండి. పాలీస్టోన్ (రాతిపొడి కలిపిన రెసిన్) విగ్రహాలైతే కత్తి, జుట్టు లాంటి సన్నని భాగాలు విడదీసి ఒక్కోటి విడిగా చుట్టాలి, బరువుకి మొదట విరిగేవి అవే.