భుజానికి వేలాడే మైకు: మూడు వారాలు వాడాక

ఒంగోలుకు దక్షిణాన ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. తొమ్మిది, పది తరగతులు నావి. రోజుకు ఐదు పీరియడ్లు, పైన రేకులు, పక్క గదిలో ఆరో తరగతి వాళ్ల గోల. డిసెంబరులో నా గొంతు పూర్తిగా పోయింది. వారం రోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని వారం పాటు నోరు మూసుకునే టీచరెవరు? అందుకని సంక్రాంతి సెలవుల్లో ఆన్‌లైన్లో ఈ మైకు తెప్పించాను. 1,150 రూపాయలు. అరచేతిలో పట్టేంత స్పీకరు, నడుముకు బెల్టు, తలకు తగిలించుకునే వైరు మైకు, సీ టైప్ చార్జింగ్.

ముందు బెల్టు సంగతి. దీన్ని చేసినవాళ్లెవరో చీర కట్టిన మనిషిని చూసినట్టు లేదు. కుచ్చిళ్ల మీద కడితే జారుతుంది. పక్కకు జరిపితే స్పీకరు పైట కిందికి పోయి మాట గొణుగుతున్నట్టు వస్తుంది. రెండో రోజే బెల్టు పక్కన పడేసి, మావారి పాత ఐడీ కార్డు తాడుతో భుజానికి వేలాడదీశాను. తల మీది బ్యాండు కూడా పూలు పెట్టుకున్న రోజు నిలవదు.

సెలవులయ్యాక మొదటి రోజు తొమ్మిదో తరగతికి దీన్ని వేసుకునే వెళ్లాను. క్లాసులో సగం మందే ఉన్నారు. ఆ రోజు పాఠం చెప్పడం దండగని అనుభవం మీద తెలుసు. "పండక్కి ఏం చేశారో చెప్పండ్రా" అన్నాను. అంతే, కుయ్యిమని ఒక కూత. పిల్లలంతా చెవులు మూసుకున్నారు. స్పీకరులోంచి వచ్చిన శబ్దాన్నే మైకు మళ్లీ పట్టుకుంటుంది, స్పీకరు దాన్ని ఇంకా పెంచుతుంది, మైకు మళ్లీ పట్టుకుంటుంది. అదీ ఆ కూత కథ. గోడకు దగ్గరగా నిలబడితే మరీ ఎక్కువ. వాల్యూమ్ సగానికి తగ్గించి, మైకు నోటికి ఎదురుగా కాకుండా పెదవి చివర రెండు వేళ్ల దూరంలో ఉంచితే ఆగింది. ఈ ముక్క డబ్బాలోని కాగితంలో ఎక్కడా రాయలేదు.

కూత ఆగాక మాట మాత్రం బాగా వచ్చింది. చివరి బెంచీ దాకా నా మామూలు గొంతే చేరింది. కానీ నేను ఎక్కువ మాట్లాడలేదు, పిల్లలు మైకు లాక్కున్నారు. వైరుది కాబట్టి స్పీకరు, మైకు కలిపి ఇవ్వాల్సిందే. నా భుజం మీది నుంచి ఒకడి భుజం మీదికి మారింది. మా వైపు పండక్కి ఎద్దుల బండలాగుడు పోటీలుంటాయి, గిత్తల పళ్లను బట్టి విభాగాలు చేస్తారు. వాడు అక్కడి కామెంటరీ అందుకున్నాడు. "ఆరు పళ్ల విభాగం అండీ, గిత్తలు మలుపు తిరుగుతున్నాయండీ, ఇంకా మూడు నిమిషాలుందండీ!" ఫిజిక్స్‌లో ఎనిమిది మార్కులు దాటని పిల్లాడు. అడుగులూ నిమిషాలూ తడుముకోకుండా చెబుతుంటే, అడిగాను.

"గిత్తలు ఆ చివరికి పోయి మళ్లీ బయల్దేరిన చోటికే వచ్చాయి. స్థానభ్రంశం ఎంతరా?"

"సున్నా టీచర్. కానీ ఫస్ట్ ప్రైజు వచ్చింది."

ఆ తర్వాత ఒకడు రాత్రిళ్లు పొగాకును వేడి మీద ఆరబెట్టే బ్యారన్ కాడ నాన్నతో కాపలా పడుకున్నానన్నాడు. ఇద్దరు కొత్తపట్నం బీచికి పోయామన్నారు, అందులో ఒకడివి కోతలని పక్కవాడే బయటపెట్టాడు.

అసలు నేను ఇది రాయడానికి కారణం మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి. జూన్ నుంచి ఆ పిల్ల జవాబు చెప్పిన ప్రతిసారీ నేను బెంచీ దాకా వెళ్లి వంగి వినాల్సి వచ్చేది. గొంతు అంత చిన్నది. మైకు చేతికిస్తే మెల్లగానే మాట్లాడింది, క్లాసంతా విన్నది. వాళ్లది సింగరాయకొండ వైపు రొయ్యల చెరువు. సెలవులన్నీ చెరువు గట్టు మీది గుడిసెలోనే ఉందట. రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి టీచర్, ఆ మోతలో నిద్ర బాగా పడుతుంది, కరెంటు పోయి మోత ఆగితేనే అందరికీ మెలకువ వస్తుంది అంది. నాన్న జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతాడు, నేను టార్చి పట్టుకుంటాను, ఆలస్యమైతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి రొయ్యలు చచ్చిపోతాయి అని చెప్పింది. గదిలో ఎవరూ కిక్కురుమనలేదు. ధ్వని పాఠం ఆ మాటతోనే మొదలుపెట్టాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డబ్బా మీద పది గంటల చార్జింగ్ అని ఉంది, నాకు నాలుగు గంటలకే ఎర్ర లైటు వెలిగింది. మైకు మీది స్పాంజి తొడుగు వారంలో ఊడి ఎక్కడో పడింది, పది రూపాయల వస్తువు, ఇంకోటి డబ్బాలో వేస్తే వాళ్ల సొమ్మేం పోయేది? బ్లూటూత్ ఉంది, నాకు అక్కర్లేదు. గొంతు మాత్రం సాయంత్రానికి బొంగురు పోవడం లేదు. ఇంట్లో రాత్రి ఫోన్ మాట్లాడగలుగుతున్నాను.

నాలుగు స్టార్లు. ఒకటి బెల్టుకు కోసేశాను. కొనేవాళ్లు వైరుది కాకుండా వైర్‌లెస్‌ది చూసుకోండి, పిల్లలకు ఇవ్వడం తేలిక. మా క్లాసులో ఇప్పుడు అది నా బల్ల మీద కంటే మూడో బెంచీ మీదే ఎక్కువ ఉంటోంది, సాయంత్రం చార్జింగ్ పెట్టే డ్యూటీ కూడా ఆ పిల్లదే.