ఎర్త్ గుర్తు: అక్షరంగా కొట్టాలా, బొమ్మ పెట్టాలా, మాటలో రాయాలా?

ఇన్వర్టరుకో మోటారు స్టార్టరుకో బిగింపు సూచనలు రాస్తుంటే "ఆకుపచ్చ వైరును ఫలానా టెర్మినల్‌కు కలపండి" అనే వాక్యం తప్పకుండా వస్తుంది. ఆ "ఫలానా" దగ్గర ఏం పెట్టాలి? యూనికోడ్ (ప్రతి అక్షరానికీ గుర్తుకూ ఒక నంబరు ఇచ్చే పద్ధతి) గుర్తును అక్షరంలా కొట్టొచ్చు, బొమ్మ అతికించొచ్చు, లేదా "ఎర్త్" అని రాసి ఊరుకోవచ్చు.

అన్నిట్లోకీ సులువు మొదటిది. యూనికోడ్‌లో ఆ గుర్తు నంబరు 9178. వెబ్ పేజీలో ⏚ అని రాస్తే వచ్చేస్తుంది. పక్కనున్న అక్షరాలతో పాటే సైజు మారుతుంది, కాపీ చేస్తే వెంట వస్తుంది. కాకపోతే తెలుగు ఫాంట్లలో సాధారణంగా ఇది ఉండదు. సిస్టమ్ వేరే ఫాంటు నుంచి అరువు తెస్తుంది. అక్కడా దొరక్కపోతే ఖాళీ డబ్బా కనిపిస్తుంది. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ చేస్తే, అంటే ఫైలులోనే కలిపేస్తే, ఈ బెడద తప్పుతుంది.

ఫాంటు గొడవ చిన్నది. అసలు ఇబ్బంది, ఆ నంబరుకు వచ్చే గుర్తు మనకు కావలసినది కాకపోవచ్చు. నిలువు గీత, దాని కింద పొట్టిగా అవుతూ పోయే మూడు అడ్డగీతలు: ఇది మామూలు ఎర్త్. పరికరాల మీద వేసే గుర్తులకు ఐఈసీ 60417 అనే ప్రమాణం ఉంది. అందులో దీని నంబరు 5017. షాక్ నుంచి కాపాడే రక్షణ ఎర్త్ వేరు, 5019. అదే గుర్తు చుట్టూ వృత్తం ఉంటుంది. 5018 ఫంక్షనల్ ఎర్త్, అంటే పరికరం సరిగ్గా పనిచేయడానికి ఇచ్చేది. 5020 చాసిస్‌ది, అంటే పరికరం లోహపు చట్రానిది; అడ్డగీత కింద ఏటవాలు గీతలు. టెర్మినల్ పక్కన వృత్తం ఉండి, కాగితం మీద లేకపోతే, బిగించేవాడు రెండూ ఒకటేనా అని తడుముకుంటాడు. అదే పెట్టెలో ఫంక్షనల్ ఎర్త్ టెర్మినల్ కూడా ఉంటే తప్పు వైరు బిగించినా ఆశ్చర్యం లేదు.

బొమ్మకు ఈ బాధ లేదు. పరికరం మీద ఎలా ఉందో అలాగే ఎస్‌వీజీగా (గీతలతో గీసిన బొమ్మ ఫైలుగా) పెట్టొచ్చు, ఎంత పెద్దది చేసినా చెదరదు. కానీ వెతికితే దొరకదు, ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకు బదులు చదివే మాట) ఇవ్వకపోతే, చూపులేనివాళ్లకు తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేదు. ఎవరైనా ఆ పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే బొమ్మ రాలిపోయి, "ఆకుపచ్చ వైరును కు కలపండి" అని మిగులుతుంది.

"ఎర్త్" అనే మాటకు ఇవేవీ లేవు, తెలియని ఎలక్ట్రీషియనూ లేడు. లోటల్లా, పెట్టె మీద ఆ మాట ఉండదు, గుర్తే ఉంటుంది.

అందుకే నా ఓటు మాటకు, తోడుగా బొమ్మకు. "రక్షణ ఎర్త్ టెర్మినల్" అని రాసి, మొదటిసారి వచ్చినచోట పక్కనే పరికరం మీది గుర్తును అచ్చంగా చూపించాలి. తర్వాత మాట ఒక్కటి చాలు. బొమ్మ రాలిపోయినా వాక్యం నిలబడుతుంది. యూనికోడ్ అక్షరాన్ని ఈమెయిళ్లకు, చిత్తుప్రతులకు ఉంచుకుంటే మంచిది.

సర్క్యూట్ డయాగ్రంలో లెక్క వేరు, అక్కడ గుర్తే రాజు. ఒక్క జాగ్రత్త: కీక్యాడ్ (KiCad) లాంటి, సర్క్యూట్ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్ గుర్తు ఆకారాన్ని బట్టి కాదు, దాని పేరును బట్టి వైర్లు కలుపుతుంది. చాసిస్‌కీ సిగ్నల్ గ్రౌండ్‌కీ (సర్క్యూట్‌లో సున్నా వోల్టులుగా లెక్కించే చోటు) వేర్వేరు బొమ్మలు వేసినా, పేరు ఒకటే ఇస్తే బోర్డులో రెండూ ఒకే నెట్ అవుతాయి, అంటే ఒకదానికొకటి కలిసిపోతాయి.