బాల్టిక్ బైక్ యాత్ర: గుడారం ఎస్టోనియా అడవిలోనా, లిథువేనియాలోని నీదాలోనా?

ఎస్టోనియా అటవీ సంస్థ ఆర్‌ఎంకే చూసుకునే విడిది చోట్ల గుడారానికి రుసుము లేదు. నెగడు వేసే చోటు, మరుగుదొడ్డి, కొన్నిచోట్ల కట్టెలూ ఉంటాయి. నీళ్లకు మాత్రం భరోసా లేదు. సాయంత్రం పెట్రోల్ పోయించుకునేటప్పుడే మనిషికి 4 లీటర్లు పట్టుకోండి. ఎండలు ముదిరి అగ్నిప్రమాద హెచ్చరిక ఉంటే నెగడు వేయకూడదు. గడ్డిలో పిడుదులుంటాయి, అవి కుడితే మెదడువాపు రావచ్చు. దానికి టీకా రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టాలి.

లిథువేనియాలోని నీదా ఊరు ఒక జాతీయ పార్కులో ఉంది, క్యాంపింగ్ స్థలంలో తప్ప గుడారం వేయకూడదు. అక్కడికి వెళ్లాలంటే క్లైపేడా ఓడరేవు నగరంలో బండి ఎక్కించుకునే ఫెర్రీ కొత్త రేవు నుంచే బయల్దేరుతుంది. పైగా పార్కులోకి వాహన ప్రవేశ రుసుము. ఇసుకలో సైడ్ స్టాండ్ దిగబడి బండి ఒరుగుతుంది, కింద అరచేతంత చెక్కముక్క పెట్టండి.

రోజూ అడవే మేలు. వేడినీళ్ల స్నానానికి, ఛార్జింగుకు ఒక రాత్రి నీదా.