32 కిలోడాల్టన్ల బ్యాండ్ కోసం విశాఖ నుంచి హైదరాబాద్: బండి, బస, ఫ్రిజ్

హీమ్ ఆక్సిజనేజ్-1 అనేది హీమ్‌ను విడగొట్టే ఎంజైము. శాంపిల్‌లో అది ఎంతుందో చూడటానికి వెస్టర్న్ బ్లాట్ చేస్తారు: ప్రోటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి, ఒక పొర మీదికి మార్చి, ఈ ఎంజైమును పట్టుకునే యాంటీబాడీతో గుర్తిస్తే 32 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర ఒక గీత, అంటే బ్యాండ్, కనిపిస్తుంది. ఆ యాంటీబాడీ ట్యూబులో ఉండేది చాలాసార్లు 100 మైక్రోలీటర్లే. బ్లాట్ ఫొటో తీసే మంచి ఇమేజర్ సొంత ల్యాబులో లేకపోతే ఆ ట్యూబునూ శాంపిళ్లనూ పట్టుకుని విశాఖ నుంచి హైదరాబాద్ బయల్దేరక తప్పదు. మనిషికి గది ఎక్కడైనా దొరుకుతుంది. ముందు ట్యూబులకు చోటు కుదరాలి.

ఏ బండి ఎక్కాలో శాంపిళ్లే చెబుతాయి. గడ్డకట్టిన కణాలో కణజాలమో అయితే డ్రై ఐస్ కావాలి. దాన్ని మూసిన ఏసీ బోగీలో రాత్రంతా బెర్తు కింద పెట్టుకోవడం మంచిది కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. గాలి పోకుండా మూత బిగిస్తే పెట్టే పగలొచ్చు. విమానంలో ఒక్కో ప్రయాణికుడికి 2.5 కిలోల దాకా అనుమతిస్తారు కానీ ఎయిర్‌లైన్‌కు ముందే చెప్పాలి, పెట్టెకు ఆవిరి పోయే దారి ఉండాలి. గాల్లో ఉండేది గంటా గంటన్నరే అయినా విమానాశ్రయంలో ఎదురుచూపులు, శంషాబాద్ నుంచి ఊళ్లోకి కారు ప్రయాణం కలిపితే సగం రోజు పోతుంది.

ఇంతకంటే తేలికైన దారి ఉంది. కణాలను సొంత ల్యాబులోనే పగలగొట్టి (లైసిస్), బీసీఏ అనే రంగు పరీక్షతో ప్రోటీన్ కొలిచి (లోడింగ్ బఫర్‌లోని డీటీటీ కలిపాక ఆ కొలత తప్పుతుంది, అందుకే ముందే), జెల్‌లో వేయడానికి లోడింగ్ బఫర్ కలిపి, 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడిచేయాలి. ప్రోటీన్లను కోసేసే ఎంజైములు (ప్రోటియేజులు) చచ్చిపోతాయి కాబట్టి ఐస్ ప్యాకులున్న థర్మోకోల్ పెట్టెలో రాత్రి రైలు ప్రయాణానికి ఢోకా లేదు. మైక్రోలీటరుకు 2 మైక్రోగ్రాములు ఉండేలా చూసుకుంటే లేనుకు (జెల్‌లో ఒక్కో వరసకు) 15 మైక్రోలీటర్లు వేసి 30 మైక్రోగ్రాములు నడపొచ్చు. చల్లదనానికి బఫర్‌లోని డిటర్జెంట్ ఎస్‌డీఎస్ తెల్లగా పేరుకుంటుంది, కంగారు పడొద్దు. 37 డిగ్రీల్లో కరిగించి, కలియబెట్టి, మళ్లీ కాసేపు వేడిచేస్తే సరి. సగం శాంపిల్ మాత్రం సొంత ల్యాబు ఫ్రీజర్‌లోనే ఉంచాలి.

యాంటీబాడీ 50 శాతం గ్లిసరాల్‌లో ఉంటే మైనస్ 20లోనూ గడ్డకట్టదు. దారిలో ఐస్ ప్యాకు కరిగినా, ట్యూబు చల్లగా ఉంటే ఒక రాత్రికి పాడైపోదు. గ్లిసరాల్ లేనిదైతే చిన్న ట్యూబుల్లో పంచి ఒకటే తీసుకెళ్లాలి. కొరియర్ చేస్తే సోమవారం పంపాలి. శుక్రవారం పంపితే ఆదివారం గోదాములో గడుస్తుంది, మే నెలలో అయితే చెప్పనక్కర్లేదు.

పగటిపూట వందేభారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది కానీ దిగేసరికి మధ్యాహ్నం, జెల్ నడిపే రోజు పోతుంది. రాత్రి బండే నయం. కొన్ని బండ్లు చర్లపల్లిలోనే ఆగుతాయి, అక్కడ మెట్రో లేదు, టికెట్ తీసేటప్పుడే చూసుకోవాలి. సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వైపు పనైతే సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి మెట్టుగూడ, తార్నాక దాటి హబ్సిగూడలో దిగొచ్చు. గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీకి లింగంపల్లి స్టేషన్ దగ్గర. బయోటెక్ సంస్థలుండే జీనోమ్ వ్యాలీకి మెట్రో లేదు, కారు ముందే మాట్లాడుకోవాలి.

బస విషయంలో మా తీర్పు ఒక్కటే: సంస్థ గెస్ట్‌హౌస్ దొరికితే మరో ఆలోచన వద్దు. లేకపోతే నడిచి వెళ్లగలిగే లాడ్జి. స్టేషన్ దగ్గరి గదులు తెల్లవారుజామున దిగినవాళ్లకు సుఖమే కానీ బ్లాట్ రాత్రి పదింటి దాకా లాగితే తిరుగుదారి ఇబ్బంది. హోటల్ గది మినీ ఫ్రిజ్‌లో యాంటీబాడీ పెట్టకండి. వెనక పలకకు తగిలితే గడ్డకడుతుంది, తలుపులో పెడితే వేడెక్కుతుంది, కీకార్డు తీయగానే కొన్ని చోట్ల కరెంటే పోతుంది. ఆతిథ్య ల్యాబు ఫ్రీజర్‌లో పేరు రాసి పెట్టించుకోవాలి. మంచు పేరుకోని రకం ఫ్రీజర్ అయితే వద్దనండి, అది మధ్యమధ్య తనను తానే వేడిచేసుకుంటుంది.

పని రెండు పగళ్లు, ఒక రాత్రి. మొదటి రోజు 12 శాతం జెల్, 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న పీవీడీఎఫ్ పొర (మెంబ్రేన్) మీదికి ట్రాన్స్‌ఫర్, యాంటీబాడీ పొరకే అంటుకోకుండా 5 శాతం పాలపొడితో గంట బ్లాకింగ్, 1:1000గా పలచబరచిన యాంటీబాడీ (ప్రైమరీ) రాత్రంతా 4 డిగ్రీల్లో. రెండో రోజు ఆ ప్రైమరీని పట్టుకునే రెండో యాంటీబాడీ (సెకండరీ) గంట, కడగడం, ఫొటో. ఇమేజర్ స్లాటు రెండో రోజు మధ్యాహ్నానికి అడగాలి. మూడో రోజు మళ్లీ చేయడానికి చేతిలో ఉంచుకోవాలి.

ఎక్కువగా తప్పేది బ్యాండ్ దగ్గరే. ఒత్తిడి లేని కణాల్లో ఈ ఎంజైము చాలా తక్కువ, కాబట్టి ఖాళీ బ్లాట్ చూసి యాంటీబాడీని తిట్టే ముందు పాజిటివ్ కంట్రోల్ (బ్యాండ్ తప్పక రావాల్సిన శాంపిల్) ఉందా అని చూడాలి. ఈ ఎంజైమును పెంచే హీమిన్ 10 మైక్రోమోలార్ మోతాదులో 16 గంటలు ఇచ్చిన కణాల లైసేట్ (కణాలను పగలగొట్టిన ద్రవం) వెంట తెచ్చుకోవాలి. హీమిన్‌ను అప్పటికప్పుడు పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, వెలుగు తగలకుండా ఉంచాలి. సీరమ్ ఎక్కువైతే అల్బుమిన్ దాన్ని పట్టేసి ప్రభావం తగ్గిస్తుంది. ఎలుక ప్లీహమూ మంచి కంట్రోలే, పాత ఎర్రకణాలు అక్కడే విరిగి హీమ్ బయటపడుతుంది కదా.

32 కిలోడాల్టన్ల దగ్గర అసలు బ్యాండ్, కింద 28 దగ్గర ఇంకొకటి కనిపిస్తే ఇదే ఎంజైము తోక తెగిన ముక్క కావచ్చు. 36 దగ్గరిదైతే దీని సోదర ఎంజైము హీమ్ ఆక్సిజనేజ్-2 అని అనుమానించాలి, మెదడు, వృషణాల శాంపిళ్లలో మరీనూ. ఎలుక కణజాలం మీద ఎలుక యాంటీబాడీ వాడితే కణజాలంలోని సొంత యాంటీబాడీల చిన్న ముక్క (లైట్ చైన్) 25 దగ్గర వచ్చి తికమక పెడుతుంది, కుందేలుది తెచ్చుకోవడం మేలు. అన్ని లేన్లలో ప్రోటీన్ సమానంగా పడిందో చూపే లోడింగ్ కంట్రోల్‌గా జీఏపీడీహెచ్ ప్రోటీన్ వద్దు, అది కూడా 36 చుట్టూనే. ట్యూబులిన్ 50 దగ్గర ఉంటుంది, మెంబ్రేన్‌ను మధ్యకు కోసుకోవచ్చు.

పలచబరచిన ప్రైమరీని తిరిగి వాడాలంటే 0.02 శాతం సోడియం అజైడ్ పాడవకుండా కలపొచ్చు. సెకండరీలో మాత్రం ఒక్క చుక్క పడకూడదు, దానికి తగిలించిన, వెలుగు పుట్టించే ఎంజైము హెచ్‌ఆర్‌పీ ఆగిపోతుంది. బయల్దేరే ముందు ఫొటోను 16 బిట్ టిఫ్ ఫైలుగా, సర్దుబాట్లేవీ చేయకుండా, మార్కర్ (బరువులు తెలిపే గీతలు) కనిపించేలా పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. జేపీజీ ఒక్కటే ఇస్తామంటే ఒప్పుకోకండి, ఆ తర్వాత బ్యాండ్ ఎంత ముదురుగా ఉందో (డెన్సిటీ) కొలవడానికి మళ్లీ రైలెక్కాల్సి వస్తుంది.